పాట మనది, పేరెవరిది?

(గ్రామ సాంస్కృతిక బృందాల శిక్షణా తరగతుల్లో చేసిన ఉపన్యాస పాఠం)



సినిమా పాటల గురించి మాట్లాడతామంటే పొద్దున కొందరు నవ్వారు. ఉద్యమానికి సినిమాతో ఏం పని అన్నారు. పని ఉంది. మన సభలో వెయ్యిమంది వినే పాటను సినిమా లక్షలమందికి వినిపిస్తుంది. అట్లా వినిపించేటప్పుడు ఆ పాటను ఎవరి నోట పెట్టారు, ఏ ఘట్టంలో పెట్టారు, కట్టినవాడి పేరు చెప్పారా మింగారా, పాడినోడి ఇంట్లో పొయ్యి వెలిగిందా అని మనం అడగాలి. సినిమావాళ్లను తిట్టడానికి ఈ మాటలు కావు. జనం పాటను తెర మీద గొప్పగా వాడుకున్న సినిమాలు ఉన్నాయి. వాటినే ముందు పెట్టుకుని మాట్లాడదాం.

పాత ముచ్చట ఒకటి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలానిది. కాంచనమాల మాలపిల్ల వేషం వేసింది. ఆ కాలానికి అది చిన్న సాహసం కాదు, ఒప్పుకోవాల్సిందే. అందులో బసవరాజు అప్పారావు పాటలు వాడారు. అప్పారావు 1933లోనే పోయాడు, పాటలు మాత్రం అప్పటికే జనం నోళ్లలో ఉన్నాయి. గాంధీ మీద ఆయన కట్టిన గేయం ఈ సినిమాతో ఊరూరా తిరిగింది. మంచిదే. కాని అంతకు ముందే, 1921లో, రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్ల దొరతనము’ కట్టి ఉన్నాడు. గరిమెళ్ల తెల్లదొర వద్దంటే, మరి మా నెత్తిన కూర్చున్న నల్లదొర సంగతేందని మాలవాడ బిడ్డ ధర్మన్న నిలదీశాడు. మాలల మీద తీసిన సినిమాకు మాల కవి కట్టిన ఆ పాట అవసరపడలేదు. గాంధీ పాట తెరకెక్కింది, మన నిలదీత వాడలోనే ఉండిపోయింది.

నలభై ఏళ్లు దాటాక, 1980లో ‘మాభూమి’ విడుదలైంది. తీసింది బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్. తీయించింది బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. కిషన్ చందర్ నవల ఆధారం. తెలంగాణ సాయుధ పోరాటం కథ కాబట్టి ఆ పోరాటంలో పుట్టిన పాటలనే తీసుకున్నారు. కొత్త కవిని పిలిచి కొత్త పాటలు రాయించలేదు. ఈ ఒక్క నిర్ణయంతోనే సినిమా సగం గెలిచింది అంటాం మేము.

‘బండెనక బండి’ పాట చూడండి. పాడేది తెర వెనక గాయకుడు, పెదవులు ఆడించేది హీరో - సినిమా పద్ధతి అది. ఇక్కడ అట్లా కాదు. గద్దరే తెర మీదికి వచ్చి పాడతాడు. తూప్రాన్ దళిత వాడలో పుట్టిన మనిషి గొంతు, మనిషి, ఆట, అన్నీ ఒకటే. మద్రాసు స్టూడియో వాయిద్యాల మోత లేదు. సర్కారును ఏకవచనంలో పిలిచి సవాలు చేసే పాట అది. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినోడు ఆ పిలుపు వింటే ఏమైపోతాడో మనకు ఒకరు చెప్పాలా? హాల్లో కూర్చున్నోళ్లు గొంతు కలిపారంటే వింత ఏముంది. పాట వాళ్లదే. సినిమా దాన్ని తిరిగి వాళ్ల చేతిలో పెట్టింది.

అదే సినిమాలో సుద్దాల హనుమంతు కట్టిన ‘పల్లెటూరి పిల్లగాడ’ ఉంది. పసులు కాసే జీతగాడి మీద పాట. దాన్ని అరుపు పాటగా మార్చలేదు, ఆడగొంతుతో మెల్లగా పాడించారు. అది తల్లి అడిగినట్టుంటుంది. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది, సినిమా 1980లో వచ్చింది. ఆ నాలుగేళ్లలో మన మాల మాదిగ వాడల్లో జీతం మానిన పిల్లలెందరు? అందుకే ఆ పాట పాత చరిత్రలాగ వినబడలేదు, నిన్నటి సంగతిలాగ వినబడింది.

ఇంత మంచి వాడకంలోనూ ఒక నష్టం జరిగింది. ‘బండెనక బండి’ ఎవరిదని ఇయ్యాల ఏ ఊళ్లోనన్నా అడగండి. గద్దర్‌ది అంటారు. కాదు. కట్టింది బండి యాదగిరి, సాయుధ పోరాటంలో పనిచేసిన మనిషి. ఇందులో గద్దర్ తప్పేమీ లేదు. తెర అంటేనే అంత. కనబడ్డ మొహం మిగులుతుంది, కట్టిన చెయ్యి చెరిగిపోతుంది.

గద్దర్ సొంత పాట 1995లో దాసరి ‘ఒరేయ్ రిక్షా’లోకి వెళ్లింది. అన్నాచెల్లెళ్ల పాట, మల్లెతీగ పాట అంటే అందరికీ తెలుసు. దానికి నంది అవార్డు ఇస్తే గద్దర్ వద్దన్నాడు. ఆయన 2023 ఆగస్టులో పోయాడు. 2025లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులను గద్దర్ పేరు మీదనే ఇచ్చింది. అవార్డు తిరగగొట్టినోడి పేరు అవార్డుకు పెట్టడం - నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు’ 2002లో ‘కుబుసం’ సినిమాలోకి పోయింది. సినిమా పేరు మర్చిపోయినోళ్లు కూడా పాట మర్చిపోలేదు.

ఇక ఈ నాలుగైదేళ్ల సంగతి. 2022లో వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో ఒక ముసలి గొంతు, ఒక వింత వాయిద్యం వినబడతాయి. అది పన్నెండు మెట్ల కిన్నెర. గొంతు దర్శనం మొగులయ్యది. నాగర్‌కర్నూలు జిల్లా డక్కలి కళాకారుడు. డక్కలివాళ్లు ఎవరు? మాదిగలకు జాంబపురాణం చెప్పి, మాదిగల దగ్గరే అడుక్కుని బతికే కులం. అంటరానివాళ్లలోనే అంటరానివాళ్లుగా మనవాళ్లే దూరం పెట్టిన కులం. అది కూడా ఈ సభలో చెప్పుకోవాలి, దాచితే లాభం లేదు. మొగులయ్య కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడేవాడు, ఉన్నోణ్ని కొట్టి లేనోడికి పెట్టిన పాలమూరు వీరుడి కథ. సినిమా ఆ గొంతును పెద్ద హీరో వంశం పొగడడానికి వాడుకుంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మే నెలలో ఆయన తుర్కయంజాల్‌లో కూలి పని చేస్తున్నాడని పత్రికలు ఫోటోలతో వేశాయి. పాట కోట్ల ఫోన్లలో మోగింది. మనిషి ఇటుకలు మోశాడు.

2023లో వచ్చిన ‘బలగం’ను వేరుగా చూడాలి. వేణు ఎల్దండి తీశాడు. చివరి ఘట్టంలో చనిపోయిన ముసలాయన గురించి బుడగజంగాల దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడతారు. వాళ్లు వాళ్లుగానే కనబడతారు, వాళ్ల యాసలో, వాళ్ల రాగంలో. పాట మధ్యలో డాన్సు లేదు, విదేశీ కొండలు లేవు. పంచాయితీలు, పెద్దమనుషులు చెయ్యలేని పని, విడిపోయిన అన్నదమ్ములను, ఆడబిడ్డను కలిపే పని, ఊరూరా తిరిగి అడుక్కునే కులం నోటి పాట చేస్తుంది. ఊళ్లలో తెరలు కట్టి అందరూ ఒక్కచోట కూర్చుని చూశారు, ఏడ్చారు. జనం పాటను సినిమాలో ఎట్లా వాడాలి అని ఎవరన్నా అడిగితే మేము ‘మాభూమి’ తర్వాత దీన్నే చూపిస్తాం. మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరులో చనిపోయాడు. సాయాలు వచ్చాయి, కాదనం. కాని సాయం వేరు, హక్కు వేరు.

హక్కు గురించి నాలుగు ముక్కలు తెలుసుకోండి, పని పడుతుంది. కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. సినిమా హాల్లో కాకుండా టీవీలో, రేడియోలో, ఫోన్లలో పాట మోగితే వచ్చే రాబడిలో పాట రాసినవాడికి, బాణీ కట్టినవాడికి సమాన వాటా ఉంది. ఆ వాటా వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా చెల్లదు. అయితే ఇది పేరున్న కవికి. ఎవరు కట్టారో తెలియని జానపద పాటకు ఫలానా కులం, ఫలానా వాడ సొంతదారు అని ఆ చట్టంలో లేదు. అందుకే ఎవడుపడితే వాడు ఎత్తుకుపోతున్నాడు. 2021లో ‘సారంగ దరియా’ పాట మీద గొడవ గుర్తుందా? ఆ పాటను అంతకు ముందే టీవీలో పాడిన తెలంగాణ ఆడబిడ్డ, మరి నా సంగతేందని గట్టిగా అడిగింది. అడిగింది కాబట్టే దర్శకుడు ఆమె పేరు వేస్తామని, డబ్బు ఇస్తామని నలుగురిలో చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి బృందాల బాధ్యులు ఊళ్లకు పోయినాక చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి వాడలో ఒక పాటల నోటుబుక్కు పెట్టండి. పాట పక్కన కట్టినవాళ్ల పేరు, ఊరు రాయండి. తెలియకపోతే ఎవరి దగ్గర నేర్చుకున్నామో వాళ్ల పేరు, తేదీ రాయండి. నాట్లేసే అవ్వ అయినా సరే, డక్కలి తాత అయినా సరే. రాయడం రాని పెద్దల పాటను వాళ్ల గొంతుతోనే ఫోనులో పట్టండి, మొదట పేరు చెప్పించండి. సినిమావాళ్లో యూట్యూబ్‌వాళ్లో వచ్చి పాట అడిగితే కాగితం లేకుండా ఇవ్వకండి. వేదిక ఎక్కినప్పుడు పాటకు ముందు పేరు చెప్పండి. టైము లేదు అనకండి, పేరు చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు.

అన్నం బండి వచ్చిందంటున్నారు. లేచే ముందు తమ్ముళ్లు ఒక పాట పాడతారు, డప్పులు అందుకోండి. ‘బండెనక బండి’. కట్టింది బండి యాదగిరి.