సేవకుడికి సెలవు ఎవరిస్తారు?

(బతు బస్తీలో తెలుగు సంఘాల పెద్దలు, యువజనులు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాస్టర్ల పనిని ఎలా సమీక్షించాలి, వాళ్లకు విశ్రాంతి ఎలా ఇవ్వాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ముందుగా ఒక ఫారం గురించి చెబుతాను. మా నాన్న ప్రకాశం జిల్లాలో పాస్టరు. నా చేతిరాత బాగుంటుందని ఏటా పై ఆఫీసుకు పంపే నివేదిక నాచేతే నింపించేవాడు. బాప్తిస్మాలు ఎన్ని, పెళ్లిళ్లు ఎన్ని, కానుకలు ఎంత, కట్టాల్సిన వాటా ఎంత, బాకీ ఎంత. నేను పదో తరగతిలో ఉన్న ఏడాది పల్లెకూ ఊరికీ పెద్ద గొడవైంది. మా కుర్రాళ్ల కోసం నాన్న మూడు రాత్రులు పోలీసు స్టేషను అరుగు మీదే కూర్చున్నాడు. అది రాయడానికి ఫారంలో చోటు లేదు. బాప్తిస్మాల గడిలో నాలుగు అని రాశాను. నిరుటికంటే తక్కువ. వేసవిలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఎందుకని అడిగితే పని సంతృప్తికరంగా లేదన్నారు.

అమ్మ ఆ ఫారంలో ఎక్కడా లేదు. స్త్రీల కూటం, ఆదివారపు బడి, కాన్పుకు పోయే ఆడవాళ్ల వెంట ఆసుపత్రికి పోవడం, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ అన్నం, టీ. ఆమెకు జీతం లేదు కాబట్టి సమీక్షా లేదు. సమీక్షే లేనిదానికి సెలవెక్కడిది?

పరిశోధనలోకి వచ్చాక నాకు తెలిసిందేమిటంటే ఆ ఫారం మా నాన్న కాలానిది కాదు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ సంగతి మీలో చాలామందికి తెలుసు. జాన్ క్లౌ దొర 1866లో అక్కడికి వచ్చాడు. మాదిగల్లో ఆ కదలికకు తొలి బాట వేసినవాడు యెర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మన సంఘాల్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది మాత్రం క్లౌ కాదు, ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరు చొప్పున దిగారు. వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగారు.

నాకు ఆ 2,222 కంటే ఈ వంతులే ఎక్కువ ముఖ్యమనిపిస్తాయి. ఒళ్లు అలసిపోతుందని ఆ రోజు నది ఒడ్డున ఒప్పుకున్నారు. తర్వాత అంకె మిగిలింది, వంతులు పోయాయి. మిషనరీకి కొన్నేళ్ల సేవ తర్వాత ఫర్లో అనే పద్ధతి ఉండేది. ఓడెక్కి స్వదేశం పోయి ఒళ్లు బాగుచేసుకుని, నిధులు పోగుచేసుకుని వచ్చేవాడు. అదే మిషన్‌లో ఊరూరా కాలినడకన తిరిగిన ఉపదేశికీ, బైబిలు స్త్రీకీ ఏముంది? మిషన్ బంగళాకు వచ్చి లెక్క అప్పజెప్పడం ఉంది. ఒకరికి విశ్రాంతి, ఇంకొకరికి సమీక్ష. మిషనరీలు వెళ్లిపోయారు, 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, బంగళాలో కుర్చీలు మారాయి. ఆ పంపకం మాత్రం మారలేదు. మనవాళ్లే కుర్చీలో కూర్చున్నాక కూడా మారలేదు. ఇది మనం మననే అడగాల్సిన మాట, దొరలను కాదు.

విశ్రాంతి అనేది దయ కాదని చెప్పడానికి మనకు రెండు వారసత్వాలున్నాయి. ఒకటి బైబిలు. విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ నిర్గమకాండంలో సృష్టిని గుర్తుచేస్తుంది. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలోకి వచ్చేసరికి కారణం మారుతుంది: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అందుకని మీ దాసుడూ దాసీ కూడా మీలాగే విశ్రమించాలి. బానిసత్వం తెలిసిన జనానికి ఇచ్చిన కార్మిక చట్టం అది. లేవీయకాండం 25లో భూమికి కూడా ఏడో ఏడు విశ్రాంతి ఉంది. 1880లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లకు ఇవ్వడం మొదలుపెట్టిన సబ్బాటికల్‌కు పేరు వచ్చింది ఇక్కడినుంచే. యూనివర్సిటీ మన గ్రంథంలోంచి తీసుకుని వాడుకుంటోంది, మన పాస్టరుకు మాత్రం అది అందలేదు.

రెండోది మన ఉద్యమం. ఈ దేశంలో మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు తెచ్చింది ఎవరు? జోతిబా ఫూలే సహచరుడు, సత్యశోధక్ సమాజ్ మనిషి నారాయణ్ మేఘాజీ లోఖండే. ఏళ్ల తరబడి పోరాడితే 1890 జూన్ 10న బొంబాయి మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. 1942 నుంచి 46 వరకు వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ అంబేద్కర్ ఉన్న కాలంలోనే జీతంతో కూడిన సెలవు ఫ్యాక్టరీల చట్టంలోకి వచ్చింది, వారానికి 54 గంటల పని 48కి తగ్గింది. అందరూ సెలవు అనుభవించే ఆ ఆదివారమే పాస్టరుకు అన్నిటికంటే ఎక్కువ పని. సరే, ఆదివారం కాకపోతే సోమవారం ఇద్దామా? సోమవారం ఎవరో చనిపోతారు.

ఇక్కడ, ఈ దీవుల్లో, ఆ బరువు ఇంకా ఎక్కువ. ఆంధ్రాలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవుణ్ని ఎస్సీ జాబితా బయట నిలబెట్టింది. అండమాన్ నికోబార్‌కైతే అసలు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. మన మాల, మాదిగ కుటుంబం ఇక్కడికొచ్చి స్థిరపడితే, గుడికి పోయినా చర్చికి పోయినా, ఈ దీవుల పరిధిలో ఎస్సీగా గుర్తింపు లేదు. గుర్తింపు లేని జనం ఎవరి దగ్గరికి పోతారు? అర్జీ రాయించుకోవడానికి, ఆసుపత్రిలో మాట సాయానికి, కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అడగడానికి, పాస్టరు దగ్గరికే. ఆయనకు జ్వరమొస్తే బదులు మనిషి విశాఖ నుంచి రావాలంటే ఓడలో రెండున్నర రోజుల దారి.

ఇంకో చేదు సంగతి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, ఫిర్యాదుదారు పదేళ్లుగా పాస్టరుగా ఉన్నాడు కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆయనకు వర్తించదన్నారు. అంటే రక్షణ తీసేయడానికి పాస్టరు పని లెక్కలోకి వస్తుంది. జీతానికీ, సెలవుకూ వచ్చేసరికి అది పని కాదు, పిలుపు.

సమీక్ష వద్దని నేనడం లేదు. కానుకల లెక్క చెప్పని పాస్టర్లనూ, ప్రశ్నించినవాణ్ని సంఘం నుంచి వెలివేసే పాస్టర్లనూ మనం చూశాం. సమీక్ష లేకపోతే ఆ నోరు మూయించేవాళ్లదే రాజ్యం. ఇంగ్లండు సంఘంలో 2011 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం బిషప్ కనీసం రెండేళ్లకోసారి ప్రతి సేవకుడి సేవను సమీక్షించే ఏర్పాటు చేయాలి. సమీక్షించాల్సిన బాధ్యత పైవాడి నెత్తిన పెట్టారు చూడండి, అది నాకు నచ్చింది. మన దగ్గర సమీక్ష అంటే కిందివాడు అప్పజెప్పేది.

అందుకని నేను అడిగేవి కొద్దే. సమీక్ష చేసేవాళ్లలో ఎక్కువ కానుక ఇచ్చేవాళ్లే కాకుండా ఇళ్లలో పనిచేసే అక్కలూ, బోటు మీద పోయే అన్నలూ కూర్చోవాలి. సమీక్షకూ బదిలీకీ ముడి తెంచాలి. ఎంతమందిని చేర్చావు అని కాకుండా, ఎవరి పక్షాన నిలబడ్డావు, నిలబడినప్పుడు మేమెక్కడున్నాం అని అడగాలి. ఆ రెండో ప్రశ్న సంఘానికి సమీక్ష. సెలవు సంగతికొస్తే, పక్క సంఘాలు వంతులేసుకుంటే చాలు: గారచర్మ పాస్టరు ఒక ఆదివారం ఇక్కడ, ఇక్కడివారు ఇంకో ఆదివారం అక్కడ. ఏడో ఏడు మూడు నెలలు, జీతంతో. డబ్బు లేదంటారు. ఉజ్జీవ కూటాల మైకు సెట్టుకు, ఫ్లెక్సీలకు ఎంతవుతోందో ఒక్కసారి లెక్కేయండి.

నాన్న రిటైరయ్యాడు. బీపీ, షుగరు. ఆదివారం ఇప్పటికీ నాలుగింటికే లేచి కూర్చుంటాడు, ఎక్కడికీ పోవాల్సిన పని లేకపోయినా.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక దీని గురించి మాట్లాడుకుంటామని పెద్దలు చెప్పారు. సంతోషం. పాస్టరమ్మగారికి కూడా ఒక కుర్చీ వేయండి. ఆ పూటకు టీ ఇంకెవరైనా పెడతారు.