బోటుకి టాప్‌సైడ్ పెయింట్: సింగిల్ ప్యాకా, టూ ప్యాకా?

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డుకెక్కి రంగులు పడేది ఎక్కువగా అప్పుడే. నీటిమట్టానికి పైన కనిపించే బాడీకి వేసేదే టాప్‌సైడ్ పెయింట్.

సింగిల్ ప్యాక్ అంటే డబ్బా తెరిచి వేసేయడమే. టూ ప్యాక్ పాలియురేథేన్‌లో హార్డెనర్ కలపాలి, కలిపాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి. గట్టిది, మెరుపు ఎండకి ఎక్కువ ఏళ్లు ఆగుతుంది, ఒప్పుకుంటా. కానీ వేట బోటుకైతే నా ఓటు సింగిల్ ప్యాక్‌కే. జెట్టీలో పక్క బోట్లు రాసుకుంటూనే ఉంటాయి కదా! గీత పడ్డచోట సాండ్‌పేపర్ కొట్టి, బ్రష్‌తో సరిచేసుకోవచ్చు. టూ ప్యాక్‌లో ఆ అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంకోటి, ఇది సీరియస్. నేను చదివింది కంప్యూటర్సే గానీ, డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవడం వచ్చు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే గన్‌తో కొడితే ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్తమా రావొచ్చు. ముక్కుకి కట్టిన తువ్వాలు, కోవిడ్ మాస్కు దాన్ని ఆపవు. బయటి నుంచి పైపుతో మంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేదా? స్ప్రే మాటే ఎత్తకండి.

పాత పెయింట్ ఏదో తెలీదా? టూ ప్యాక్ థిన్నర్‌తో తడిపిన గుడ్డని ఓ మూల కాసేపు అదిమి పెట్టండి. మెత్తబడినా, ముడతలు పడినా పాతది సింగిల్ ప్యాకే. దానిమీద టూ ప్యాక్ వేస్తే మొత్తం పొరలా లేచొస్తుంది.

మంచు పూర్తిగా ఆరాకే మొదలెట్టండి. నీళ్లలో మునిగుండే భాగానికి మాత్రం ఇది వద్దు, బుడగలొస్తాయి. ఆ పెయింట్ వేరే, దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో.