ముందు ఆర్సీ, తర్వాతే స్పానర్



ఈఎంఈలో 28 ఏళ్లు బండ్లు విప్పి బిగించినవాణ్ణి. రిటైరయ్యాక 2016లో ద్వారకలో 2003 మోడల్ మారుతి 800 ఒకటి 22 వేలకు కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. ఇంటి ముందే పని చేసుకోవచ్చని ఆశ.

మ్యాటు ఎత్తితే ఫ్లోరు తుప్పు పట్టి కింద రోడ్డు కనిపించింది! తుప్పంతా గీకి, రేకు వెల్డింగ్ చేయించి, రెడాక్సైడ్ కొట్టాను. కశ్మీరీ గేట్ వెళ్లి క్లచ్ ప్లేటు, హోస్ పైపులు తెచ్చాను. టప్పెట్లు ఫీలర్ గేజ్ పెట్టి నేనే సెట్ చేశాను. నాలుగు నెలలు పట్టింది. "మీకింకా డ్యూటీ అయిపోలేదా?" అనేది మా ఆవిడ.

ఇంతా చేసి, ఆర్సీలో తేదీ మాత్రం పట్టించుకోలేదు. 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండి ఢిల్లీలో తిరగకూడదని ఎన్జీటీ 2014లోనే చెప్పింది. 2018లో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. నాకంత చవగ్గా ఎందుకిచ్చారో అప్పుడర్థమైంది. తుక్కుకివ్వడానికి చెయ్యి రాలేదండి. గడువు తీరకముందే ఎన్వోసీ తీసుకుని, నేనే తోలుకెళ్లి, శ్రీకాకుళంలో మా తమ్ముడి పేర రాయించాను.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు సెల్ఫు కొట్టాను. ఒక్క దెబ్బకే అందుకుంది.