గాజుతొట్టిలో రక్తబీజులు



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం వినగానే, "ఇచ్చోడలో కూర్చుని సముద్రం కబుర్లేమిటమ్మా?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నిజమే. మాకు తెలిసిన నీళ్ళంటే కడెం వాగు, కుంతాల జలపాతం, యింటి వెనక బోరింగు. చలికాలంలో 5 డిగ్రీల దాకా దిగి, ఎండాకాలంలో 45 దాటే మా ఆదిలాబాదు జిల్లాలో సముద్రపు చేపల్ని బతికించడం అంత తేలిక కాదు కూడాను. కానీ హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో వున్న మన పిల్లల యిళ్ళకు ఇప్పుడు సముద్రమే నడిచి వస్తోంది. హాల్లో పెద్ద గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళమీద పగడపు జీవులు, వాటి మధ్య నారింజరంగు చేపలు. దీన్ని రీఫ్ ట్యాంకు అంటున్నారు. తొట్టి తెచ్చేది మగవారు. రెండు నెలలు తిరక్కుండానే అద్దం తుడవడం, నీళ్ళు మార్చడం, మేత వెయ్యడం యిల్లాలి పనుల్లో చేరిపోతాయి. అంచేత ఇది మన ఆడవాళ్ళు మాట్లాడుకోవలసిన విషయమే.

మా చెల్లెలి కూతురు హైదరాబాదులో వుంటుంది. ఒకరోజు ఫోను చేసి, "పెద్దమ్మా, మా తొట్టిలో రాయి మీద పూలు పూసినయ్. మేం పెట్టలేదు, వాటంతట అవే వచ్చినయ్" అని సంబరపడింది. నెల తర్వాత మళ్ళీ ఫోను. ఈసారి సంబరం లేదు. రెండు పూలు యిరవై అయినాయి, పక్కనున్న పగడం ముడుచుకుపోయింది, గీకేస్తే ఎక్కువవుతున్నాయి, ఏం చెయ్యాలి అని. నేను చాలా యేళ్ళు పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినదాన్ని గనుక నన్నడిగింది.

అవి పూలు కావు, జంతువులు. సీ ఎనిమోన్ అంటారు. విశాఖపట్నంలో ఆటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ గుంటల్లో చూస్తే యిలాంటివి కనిపిస్తాయి. మెత్తని కాడ, పైన నోరు, నోటిచుట్టూ రేకుల్లా వేళ్ళు. ఆ వేళ్ళ నిండా కంటికి కనపడని విషపు ముళ్ళు. తగిలిన చిన్న ప్రాణిని పొడిచి, నోట్లోకి లాక్కుంటుంది. సముద్రంలో వాటి చోట అవి వుంటే ఎవరికీ యిబ్బంది లేదు. నాలుగడుగుల తొట్టిలోనే వస్తుంది చిక్కంతా.

తొట్టికి చీడగా పట్టేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఐప్టాసియా. గాజు ఎనిమోన్ అని కూడా అంటారు. పల్చటి టీ డికాక్షన్ రంగులో, వెనకనున్నది కనిపించేటంత పారదర్శకంగా వుంటుంది. సన్నని పొడుగాటి కాడ, కొసలు సూదుల్లా తేలిన వేళ్ళు. సన్నని పుల్లతో తాకి చూడండి. రెప్పపాటులో రాతి బొరియలోకి ముడుచుకుపోతే అదే ఐప్టాసియా. రెండవది మజానో. ఇది పొట్టిగా, గుబురుగా, ఆకుపచ్చగానో గోధుమరంగులోనో వుంటుంది. వేళ్ళ కొసలు గుండ్రంగా ఉబ్బి వుంటాయి. చూడ్డానికి ముచ్చటగా వుండడంతో చాలామంది మురిసిపోయి వుంచేసుకుంటారు. గుంపు కట్టి రాయంతా ఆక్రమించాక గానీ తెలిసిరాదు. ఇంకొక మాట. గొట్టంలోంచి విసనకర్రలాంటి కుచ్చు బయటపెట్టే పురుగులు కొన్ని వుంటాయి. తాకితే అవీ లోపలికి పోతాయి. అవి పాపం ఎవరినీ ఏమీ చెయ్యవు. గట్టి గొట్టం కనిపిస్తే దాన్ని వదిలెయ్యండి.

ఇవి ఎలా వస్తాయంటే, కొన్న రాయితోనో పగడపు ముక్కతోనో వస్తాయి. గోరంత తునక బొరియలో దాగి వుంటే చాలు. ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. మన దేశపు సముద్రాల గట్టి పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో స్థానం వుంది. అంటే పులికున్న రక్షణే పగడానికీ. "రామేశ్వరం నుంచి తెప్పించాం" అని ఎవరైనా అమ్మజూపితే చౌకగా వచ్చిందని చేతిలోకి తీసుకోకండి.

ఇక గీకడం సంగతి. మా వైపు పత్తిచేలల్లో తుంగ వుంటుంది. పైపైన పీకితే గడ్డ నేలలోనే వుండి, వానపడగానే ఒకటికి నాలుగు లేస్తుంది. ఐప్టాసియా అంతకు రెండాకులు ఎక్కువే చదివింది. అది రాతిమీద కదిలేటప్పుడు తన పాదం అంచునుంచి చిన్న చిన్న తునకలు వదులుతూ పోతుంది. ప్రతి తునకా కొద్ది రోజుల్లో పూర్తి ఎనిమోన్ అవుతుంది. కత్తితో గీకితే ఆ పని మనమే దగ్గరుండి చేసిపెట్టినట్టు. రక్తబీజుడి నెత్తురు నేలబడితే బొట్టుకొక రాక్షసుడు లేచాడు కదా, సరిగ్గా అదే. కాళికాదేవి నేల తాకకుండా తాగేసినట్టు, ఉన్నచోటనే మొత్తంగా పోగొట్టాలి.

అందుకు పనికొచ్చేది మన యింటి వస్తువే, సున్నం. ఆకువక్కల్లో వేసుకునే సున్నం కాదు, దానిలో వాసనలూ రంగులూ కలుపుతారు. శుద్ధమైన తడిసున్నపు పొడి, అంటే కాల్షియం హైడ్రాక్సైడు, తీసుకోవాలి. కొద్ది నీళ్ళతో సిరంజిలోంచి జారేటంత చిక్కగా కలపండి. తొట్టిలో పంపులు ఆపెయ్యండి. ముందు కాస్త మేత చూపిస్తే ఎనిమోన్ విప్పారుతుంది. అప్పుడు తాకకుండా, నోటి మీదకు మెల్లగా సున్నం వదలండి. తాకితే లోపలికి పోతుంది, శ్రమ వృథా. పావుగంటో అరగంటో ఆగి, మిగిలిన తెల్ల ముద్దను సన్నని గొట్టంతో పీల్చేసి పంపులు వెయ్యండి. ఒక్కరోజే అన్నింటినీ చంపాలని పట్టు పట్టకండి. సున్నం నీటి క్షారగుణాన్ని పెంచుతుంది. ఎనిమోన్లతోపాటు చేపలూ పోతాయి. రోజుకు మూడో నాలుగో చాలు. వారం ఆగి మళ్ళీ చూడండి, కొన్ని తిరిగి మొలుస్తాయి.

సున్నం కలిపేటప్పుడు కళ్ళద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. సున్నం పొట్లం నొక్కితే చిట్లి కళ్ళలో పడి చూపు దెబ్బతిన్న చిన్నపిల్లలు మన దేశంలో ఎందరో వున్నారు. పొరపాటున పడితే ఎక్కడివాళ్ళక్కడ ధారగా నీళ్ళతో కడిగి, తర్వాత పరుగెత్తండి డాక్టరు దగ్గరకు. కడగకుండా పరుగెత్తితే దారిపొడుగునా కన్ను కాలుతూనే వుంటుంది.

సిరంజితో నిమ్మరసమో, సలసల కాగిన నీళ్ళో వదిలేవాళ్ళూ వున్నారు. ఒకటి అరా వుంటే ఫలిస్తుంది. తినే జీవుల్ని తెచ్చి వదలడం యింకో పద్ధతి. పెప్పర్మింట్ రొయ్య చిన్నచిన్న ఐప్టాసియాలను తింటుంది, అన్ని రొయ్యలూ తింటాయని హామీ లేదు. దాని పేరుతో ఒంటె రొయ్యను అంటగడతారు. అది పగడాలనే తింటుంది, జాగ్రత్త. బెర్గియా అనే సముద్రపు నత్త మాత్రం ఐప్టాసియా తప్ప వేరేది ముట్టదు. దానికి గుల్ల వుండదు. ఇవి అయిపోతే దానికి ఆకలిచావే గనుక ఎవరికైనా యిచ్చెయ్యాలి. పొడుగాటి ముక్కున్న సీతాకోకచిలుక చేప కూడా తింటుందంటారు. కానీ దాన్ని బతికించడమే పెద్ద వ్రతం. చీడను తింటుందని ఒక ప్రాణిని తెచ్చి, తిండి పెట్టలేక చంపుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మా పిల్ల ఫోనులో, "పెద్దమ్మా, ఇవన్నీ ఎందుకు, రాయిని తీసి పాత కుక్కర్లో వేసి ఉడకబెట్టేస్తా" అంది. నా గుండె జల్లుమంది. "పొయ్యి ముట్టించకు" అని అరిచినంత పని చేశాను. ఆ రాళ్ళమీద బొత్తాల్లాంటి చిన్న చిన్న పగడపు పూలు గుంపుగా వుంటాయి, జోయాంథిడ్లంటారు. వాటిలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే విషం వుంటుంది. సముద్ర విషాల్లో అతి తీవ్రమైన వాటిలో ఇదొకటి. హవాయి దీవుల్లో పూర్వం యీటె మొనలకు పూసేవారట. అక్కడి జీవినుంచే శాస్త్రజ్ఞులు దీన్ని 1971లో వేరుచేశారు. ఉడికిస్తే ఇది పోదు. ఆవిరితో గాలిలోకి లేస్తుంది. ముక్కులోకి పోతే జ్వరం, దగ్గు, ఆయాసం, కండరాల నొప్పులు, నోట్లో చేదు. దీనికి విరుగుడు మందు లేదు, ఆస్పత్రిలో లక్షణాలకు వైద్యం చెయ్యడమే. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో తొట్టి పగడాలు శుభ్రం చేసిన ఒక కుటుంబమంతా ఆస్పత్రి పాలైంది. వాళ్ళకు సాయం వచ్చిన అగ్నిమాపక సిబ్బందిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

కాబట్టి రాయిని ఉడకబెట్టడం, పొడిగా బ్రష్షుతో రుద్దడం, మరుగుతున్న నీళ్ళు పైనుంచి పొయ్యడం ఎవరు చెప్పినా వద్దు. మీవారు చెప్పినా వద్దు. వంటింటి సింకులో ఆ రాయి కడగనే వద్దు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు తొడుగులు వేసుకోండి, గోటిచుట్టు గాయాలుంటే ఆ రోజుకు మానుకోండి. తొట్టి శుభ్రం చేశాక ఎవరికైనా ఆయాసం వస్తే, డాక్టరుగారితో "పగడపు రాయి కడిగాం" అని ముందే చెప్పండి. అడిగేదాకా ఆగకండి. మన డాక్టర్లకు ఇది తరచుగా తగిలే కేసు కాదు.

మా పిల్ల సున్నంతో ఆరువారాలు ఓపిక పట్టింది. ఆ మధ్య మేత కూడా సగానికి తగ్గించమన్నాను. మిగిలిపోయిన మేతే ఈ చీడకు పండుగ. ఇప్పుడు రెండు మూడు తప్ప లేవట.

మంచినీళ్ళ తొట్టి వున్నవాళ్ళు మాకేం బెంగ లేదనుకోకండి. ఎనిమోన్‌కు దగ్గరి చుట్టం హైడ్రా మన మంచినీళ్ళలోనే వుంటుంది. ఇంటర్మీడియట్‌లో దాని బొమ్మ గీసినవాళ్ళు మీలో చాలామందే వుంటారు. అద్దానికి తెల్లదారం ముక్క అంటుకున్నట్టు, కొసన నాలుగైదు పోగులు విడివడినట్టు కనిపిస్తుంది. కొత్త నీటిమొక్కలతో వస్తుంది. దీన్ని కూడా నలపకూడదు. 1740 ప్రాంతంలో హాలండులో ట్రెంబ్లే అనే ఆయన హైడ్రాను ముక్కలు చేస్తే ప్రతి ముక్కా పూర్తి హైడ్రా అయి కూర్చుంది. పెద్ద చేపల్ని ఏమీ చెయ్యదు గాని అప్పుడే పుట్టిన పిల్లల్ని తినేస్తుంది. మేత తగ్గించి, రెండు గౌరామి చేపల్ని వదిలితే అవే ఏరుకుని తింటాయి. చేపపిల్లలుంటే మాత్రం ముందు వాటిని వేరే గిన్నెలోకి మార్చండి, గౌరామికి పిల్లలైనా ఒకటే, హైడ్రా అయినా ఒకటే.

కొత్త మొక్క, కొత్త రాయి, ఏది తెచ్చినా మూడు నాలుగు వారాలు విడిగా ఒక బకెట్లో వుంచి, రాత్రిపూట టార్చి వేసి చూశాకే తొట్టిలో పెట్టండి. ఉప్పునీటి రాయికి ఉప్పునీళ్ళే పొయ్యాలి, ఆ నీళ్ళలో చిన్న పంపు ఆడుతూ వుండాలి. ఆ బకెట్ వంటింట్లో పెట్టకండి.