మంచి పొట్టేలుని అమ్మేసి, మిగిలినదాన్ని ఉంచుకుంటున్నామా?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "బ్రో, మేత బాగానే పెడుతున్నాం, నట్టల మందు తాగిస్తున్నాం, అయినా పిల్లలు బరువు రావట్లేదు, ఎందుకు?" ఈరోజు దాని గురించే.

ముందు మా ఇంటి కథ చెప్తా. మా మామయ్యది ప్రకాశం జిల్లా. 40 నెల్లూరు జుడిపి గొర్రెలు ఉన్నాయి. అదే, తెల్లగా ఉండి కళ్ళ చుట్టూ నల్లమచ్చలుండే రకం. ప్రతి బక్రీద్‌కి బేరగాడు వస్తాడు, మందలో బాగా ఎదిగిన పొట్టేలుని చూపించి రేటు చెప్తాడు. ఇంట్లో డబ్బు అవసరం, ఇచ్చేస్తాం. ఎవరూ కొనని బక్కది మందలో మిగిలిపోతుంది. తర్వాతి ఈతలో పిల్లలన్నిటికీ తండ్రి అదే! అంటే మంచి కోడ్ డిలీట్ చేసేసి, బగ్ ఉన్న కోడ్‌ని 40 సార్లు కాపీ పేస్ట్ చేసినట్టు.

2017లో తెలంగాణ గొర్రెల పంపిణీలో ఒక యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. కొత్తగా పుట్టే పిల్లల జన్యువుల్లో సగం ఆ 20 తల్లులవి, మిగతా సగం ఆ ఒక్కదానివే. అందుకే పొట్టేలు ఎంపికే అసలు పని.

సరే, ఎలా ఎంచుకోవాలి? ఇక్కడ నేనే తప్పు చేశా. కాటా కొన్నా, ఎక్సెల్‌లో బరువులు రాశా, 19 కిలోలున్న పిల్లని చూపించి "మామయ్యా, ఇదే" అన్నా. ఆయన నవ్వి, "అల్లుడూ, అది 22 రోజులు ముందు పుట్టింది రా. పైగా ఒంటి పిల్ల, తల్లి పాలన్నీ దానికే" అన్నారు.

లెక్క మళ్ళీ వేశా. మొదటిది 3 కిలోలతో పుట్టింది, 110 రోజుల్లో 19 కిలోలు. రోజుకి 145 గ్రాములు. ఇంకోటి కవల పిల్ల, రెండున్నర కిలోలతో పుట్టింది, 88 రోజుల్లో పదహారున్నర. రోజుకి 159 గ్రాములు! పాలు పంచుకుని కూడా ఎక్కువ ఎదిగింది. కంటికి కనబడేది ఒకటి, లెక్కలో తేలేది ఇంకొకటి.

అందుకే పుట్టినప్పుడు, 3 నెలలకి, 6 నెలలకి తూచి రాయండి. 3 నెలల బరువులో తల్లి పాల ప్రభావం ఎక్కువ. 6 నెలల బరువు చూశాకే ఫైనల్ చేయండి. ఒకే సీజన్‌లో పుట్టిన, ఒకే మేత తిన్న పిల్లల్నే పోల్చండి. చిత్తూరు జిల్లా పలమనేరు పశు పరిశోధనా స్థానంలో నెల్లూరు గొర్రెల మీద చేసేది కూడా ఇదే, బరువులు రాయడం, పొట్టేళ్ళని ఎంపిక చేయడం.

లాభం ఎంత? ఉదాహరణకి మంద సగటు 6 నెలలకి 18 కిలోలు, మన పొట్టేలు 22 అనుకోండి. తేడా 4. తండ్రి వాటా సగం, అంటే 2. అందులోనూ అంతా రక్తంతో రాదు, మేత, వాతావరణం కలిసి ఉంటాయి. పావు వంతు వారసత్వం అనుకుంటే పిల్లకి అరకిలో. ఇంతేనా అంటారేమో. 40 పిల్లలకి 20 కిలోలు, అదీ మేత ఖర్చు పెంచకుండా. ప్రతి తరంలో ఇలాగే ఎంచుకుంటే పెరుగుతూ పోతుంది. బక్కదాన్ని ఉంచితే ఇదే లెక్క కిందకి నడుస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఎంపిక కాని మగపిల్లల్ని మందలో కలిపి తిప్పొద్దు. రెండేళ్ళకోసారి పొట్టేలుని పక్క ఊరి మందతో మార్చుకోండి, లేకపోతే సొంత కూతుళ్ళనే దాటుతుంది, పిల్లలు బలహీనమవుతాయి.

ఈ బక్రీద్‌కి బేరగాడు మామయ్య దగ్గరికి మళ్ళీ వచ్చాడు. వేలు పెట్టింది సరిగ్గా ఆ కవల పిల్ల మీదే. మంచి రేటే చెప్పాడు. మామయ్య ఒక నిమిషం ఆగి, "అది తప్ప ఏదైనా తీసుకో" అన్నారు.

మీ మందలో విత్తన పొట్టేలు ఎంచుకున్నదా, మిగిలిపోయినదా? కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, బై.