తోలుబొమ్మల తెర

నేటి పిల్లలకు బొమ్మలు కదలుట వింత గాదు. తెరపై వీరులు మేఘములను చీల్చుకొని యెగురుదురు. చేతిలోని మీట నొక్కిన యుద్ధము సాగును. అయితే సముద్రము దాటు వీరుని హిందూపురము, పెనుకొండ ప్రాంతముల పల్లెజనము సినిమా రాకముందే తెరపై చూచియున్నారు.

ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట యీ విద్యకు నేటికిని నెలవు. మేకతోలును శుభ్రపరచి, వెలుతురు చొచ్చునంత పలుచన చేసి, రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు. చేతులు, కాళ్లు విడిగా కోసి దారముతో కూర్చుదురు. తెల్లని తెర, వెనుక దీపము. ఆడించువాడే పాడును, మాటలాడును, కాలితో బల్లను తొక్కి యుద్ధధ్వని పుట్టించును. రాముడు దుఃఖించుచుండగా జుట్టుపోలిగాడును బంగారక్కయు నడుమ దూరి వూరి గొడవలు ముచ్చటింతురు. ఆటకు ప్రాణమంతయు అక్కడనే యున్నదని మా తలంపు.

1926లో జర్మనీదేశమున లొట్టె రైనిగర్ అను నామె యిట్లే అవయవములు కూర్చిన నల్లని నీడబొమ్మలతో రాకుమారుడు అహ్మదు సాహసములను పూర్తి నిడివి చలనచిత్రముగా తీసెను.

నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఐనను తెల్లవారువరకు ఆడుమని పిలుచు ఊళ్లు అరుదు. అదే తోలుతో దీపపు గూళ్లు చేసి అమ్ముకొనుచున్నారు. కూడు పెట్టు పనిని తప్పుపట్టరాదు. కాని గూటిమీది హనుమంతుడు కదలడు, పలుకడు. తండ్రినోట కొడుకు నేర్చిన పాటకు అచ్చట చోటు లేదు.

ఈ యేటి జాతరకు ఒక్కరాత్రి తెర కట్టించుడని ఊరిపెద్దలను కోరుచున్నాము. పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టుడు.