సెలవులలో సరస్సు ఒడ్డున

సంక్రాంతి సెలవులకు పిల్లలను ఎక్కడకు తీసికొనిపోవుదమని ఆలోచించు గృహస్థులకు ఒక త్రోవ చెప్పదలచితిని. చుట్టముల ఇండ్లు, సినిమాలు ఎటులును ఉండనే ఉన్నవి. ఈ ఏడు రెండు దినములు పక్షులకై కేటాయింపుడు.

సూళ్లూరుపేటలో రైలు దిగి శ్రీహరికోట బాట పట్టినచో, ఆ బాట పులికాటు సరస్సు నడుమనుండియే పోవును. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది ఇదే. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు ఒకవైపునుండియు, సముద్రపు నీరు మరియొకవైపునుండియు వచ్చి ఇందు కలియును. పలుచోట్ల మోకాలిలోతు నీరే. పొడుగుకాళ్ల పక్షులకు కావలసినదియు అంతే.

అచ్చట జనులు రాజహంసలని పిలుచునవి ఫ్లెమింగోలు. పురాణముల హంస వేరు, ఇది వేరు. అయినను పేరు నిలిచిపోయినది. మేము పోయినప్పుడు మా చిన్నది, “నాన్నా, అది తల తలక్రిందులుగా పెట్టి తింటున్నదేమి?” అని అడిగినది. మంచి ప్రశ్న. దాని ముక్కు నడుమ వంగియుండును. తల వంచి ముంచినప్పుడు పైముక్కు క్రిందికి వచ్చును. నాలుకతో నీటిని లోనికి లాగి వెలుపలికి నెట్టుచుండగా, ముక్కు అంచులనున్న సన్నని పండ్లదువ్వెన వంటి అమరిక చిన్న పురుగులను, నాచును వడకట్టును. ఆ ఆహారములోని రంగే రెక్కలకు గులాబిచాయ నిచ్చును. పిల్లపక్షులు బూడిదరంగున ఉండును. వానిని వేరుజాతి యనుకొనవలదు.

రెండవ దినము సూళ్లూరుపేటకు ఉత్తరమున, దొరవారిసత్రము చేరువనున్న నేలపట్టు చెరువునకు పొండు. 1976లో దీనిని పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. నీటిలో నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. గూడబాతు మూతిక్రింది సంచి చేపలు దాచు గాదె కాదు, వల. నీటితో సహా చేపను పట్టి, నీటిని వంచివేసి మ్రింగును. గూటికి వచ్చిన పిమ్మట పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి ఆహారము నందుకొనును. ఆ దృశ్యము చూచి మా యింటి ఇల్లాలు, “అన్నము తినిపించుటకు నేను పడు పాటు ఇంతకన్న నయమే” అన్నది.

నేలపట్టులో గూడున్నది గాని, ఆ పిల్లలన్నిటికిని చాలినన్ని చేపలు చెరువులో లేవు. ప్రొద్దెక్కి నేల వేడెక్కగానే పైకిలేచు గాలినాశ్రయించి గూడబాతులు గుండ్రముగా తిరుగుచు ఎత్తునకు పోయి, పులికాటువైపు సాగును. అనగా చెట్టొకచోట, వంటశాల మరియొకచోట. వానలు తప్పి చెరువు నిండని యేడు గూళ్లు కట్టవు. సరస్సులో చేప తగ్గినను ఆపదే. రాయదొరువు వద్ద సముద్రముఖము ఇసుకతో పూడుటచే ఉత్తరభాగమునకు ఉప్పునీరు అందుట తగ్గి, జాలరులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనిరి. ఆ మొర గూడబాతులదియు.

ఇది ఉత్త భయము కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామమున 1946లో కె. కె. నీలకంఠన్ గారు గొప్ప గూడబాతుల కొలువును చూచి వివరముగా వ్రాసిరి. తరువాతి దశాబ్దములలో పక్షులు ఆ చోటును విడిచిపోయినవి. నేలపట్టు వారు మాత్రము రెట్ట కలిసిన చెరువునీరు తమ పైరునకు బలమని యెంచి పక్షులను కాచుచు వచ్చిరి.

పోవువారు గూళ్లకు చేరువ కావలదు. పెద్దవి బెదరి లేచినచో గ్రుడ్లు ఎండకును కాకులకును అప్పగించినట్లే. తెల్లని దుస్తులు వద్దు. ఇంటికొక దుర్భిణి చాలును, వంతులవారీగా చూడవచ్చును. రేడియోవాడను నేననరాని మాటయే గాని, రేడియోను ఇంటనే ఉంచుడు. ఉదయము సరస్సు, సాయంకాలము నాలుగు గంటలకు చెరువు. అప్పుడే పులికాటునుండి గూడబాతులు వరుసలుగా తిరిగివచ్చుచుండును.